అడగండి మాస్టారూ: అవినీతి మీద కొత్త పార్టీ పెడితే పాతవాళ్ళని కొట్టగలమా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రాజకీయాలే, అందులోనూ ఒకటే మాట అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. అందుకని అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవలూ, కోడలి ఉద్యోగం సంగతులూ రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే వారం వేస్తాం. పేరు వెయ్యొద్దు అన్నవాళ్ళే ఎక్కువున్నారు గనక ఎవరి పేరూ వెయ్యట్లేదు, పేట పేరు మాత్రమే.

ప్రశ్న (రుషికొండ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మాస్టారూ, మా ఆఫీసులో ఫ్రెండ్స్ అందరం వీకెండ్ కూర్చున్నప్పుడల్లా ఇదే డిస్కషన్. అవినీతి లేని పార్టీ ఒకటి పెడితే జనం ఎందుకు ఓటెయ్యరు? ఢిల్లీలో ఏడాదిలో వచ్చేసారు కదా. మా మావయ్య మాత్రం డిపాజిట్లు కూడా రావురా అని నవ్వుతున్నాడు. ఎవరు కరెక్టు?

జవాబు: మీ మావయ్య లెక్క కరెక్టే, నవ్వడం మాత్రం కరెక్టు కాదు.

ముందు ఢిల్లీ సంగతి చూద్దాం, అందరూ చూపించేది అదే గనక. 2011లో అన్నా హజారే లోక్‌పాల్ కావాలని, అంటే నాయకుల అవినీతిని విచారించే సంస్థ కావాలని, ఏప్రిల్‌లో జంతర్ మంతర్ దగ్గర, ఆగస్టులో రామ్‌లీలా మైదానంలో దీక్ష చేసారు, దేశమంతా కొవ్వొత్తులు పట్టుకుని తిరిగింది. ఆ ఉద్యమంలోంచే 2012 నవంబర్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ పుట్టింది, 2013 డిసెంబర్‌లో 70లో 28 సీట్లు కొట్టేసింది, ముఖ్యమంత్రి షీలా దీక్షిత్‌ని ఆవిడ సొంత సీట్లోనే కేజ్రీవాల్ ఓడించాడు. ఇంతవరకూ టీవీల్లో అందరూ చూసిందే. కానీ ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో మనవాళ్ళు పెద్దగా మాట్లాడరు. 2013 మార్చిలో కేజ్రీవాల్ దీక్షకి కూర్చున్నది లోక్‌పాల్ కోసం కాదు, సుందర్ నగరి అనే పేదల బస్తీలో కరెంటు బిల్లుల మీద. బిల్లులు కట్టకండి అన్నాడు, ఆటోల వెనకాల పోస్టర్లు అంటించాడు, అంటే అవినీతి అనే పెద్ద మాటని నెలనెలా ఇంటికొచ్చే బిల్లు దాకా దింపాడన్నమాట. ఆ పని మన దగ్గర ఎవరూ చెయ్యలేదు, మనవాళ్ళు పవర్‌పాయింట్ దగ్గరే ఆగిపోతారు, మిమ్మల్ని అంటున్నానని కోప్పడకండి.

రెండోది ఇంకా ముఖ్యం. అప్పటికి కాంగ్రెస్ 15 ఏళ్ళుగా ఢిల్లీని ఏలుతోంది, జనం విసిగిపోయి 43 సీట్ల పార్టీని 8కి దింపేసారు. బీజేపీ ఆ 15 ఏళ్ళూ అసెంబ్లీలో ప్రతిపక్షంగా ఉండి కూడా 31 దగ్గర ఆగింది, మెజారిటీ రాలేదు. అంటే ఒక పెద్ద పార్టీ లేచి వెళ్ళిపోతోంది, రెండోవాళ్ళు ఆ చోటంతా ఆక్రమించలేకపోయారు. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు ఎక్కినట్టే ఇది, సీటు ఖాళీగా ఉందా, దాని మీద ఎవరిదైనా కర్చీఫ్ ఉందా అన్నదే ప్రశ్న. మీరెంత మర్యాదస్తులైనా కర్చీఫ్ ఉన్న సీట్లో కూర్చోనివ్వరు.

ఇప్పుడు మన రాష్ట్రానికి రండి. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరికల్లా 200కు పైగా సీట్లతో ముఖ్యమంత్రి అయిపోయారు, తొమ్మిది నెలలు. ఆయన గ్లామరూ చైతన్య రథమూ ఉన్నమాట నిజమే, కానీ కాంగ్రెస్ ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చి జనానికి ఒళ్ళు మండించింది, 1978లో 60 సీట్లు గెల్చిన జనతా పార్టీ ఈలోగా ముక్కలైపోయింది. కోపం ఉంది, ఆ కోపాన్ని తీసుకెళ్ళి పెట్టడానికి చోటు లేదు. ఆయన వచ్చి చోటు చూపించారు. మళ్ళీ 2014లో రాష్ట్ర విభజనతో కాంగ్రెస్‌కి ఏపీలో ఒక్క అసెంబ్లీ సీటు కూడా రాలేదు, ఆ ఖాళీలోకి 2011లో పుట్టిన వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చి కూర్చుంది. ఈ రెండూ అవినీతి మీద పెట్టిన పార్టీలు కావు, కొత్త పార్టీ ఎప్పుడు నిలబడుతుందో చెప్పడానికి ఎత్తాను.

ఖాళీ లేనప్పుడు ఏమవుతుందో 2009లో చూసాం. చిరంజీవి గారు 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టినప్పుడు ఆ జనం చూసి అందరూ అయిపోయింది అనుకున్నారు. 16 శాతం పైగా ఓట్లు వచ్చాయి, ఎంత పెద్ద నంబరండీ అది, సీట్లు మాత్రం 294లో 18. మన విశాఖ జిల్లా అయితే గాజువాక, పెందుర్తి, భీమిలి, అనకాపల్లి ఇచ్చి మనసు చూపించింది, మిగతా రాష్ట్రం ఇవ్వలేదు. ఎందుకంటే కాంగ్రెసూ తెలుగుదేశమూ రెండూ గట్టిగానే ఉన్నాయి. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అదే 2009లో లోక్‌సత్తాకి, అంటే మీరు చెప్పే టైపు పార్టీకి అచ్చమైన ఉదాహరణ, కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గారు ఒక్కరే గెలిచారు, రాష్ట్రమంతా కలిపి ఓట్లు 2 శాతం లోపే. ఐఏఎస్ వదిలేసి 1996 నుంచి ఉద్యమం నడిపిన మనిషి, 2006లో పార్టీ పెట్టారు, ఆయన నిజాయితీని శత్రువులు కూడా వేలెత్తి చూపలేదు, అయినా అంతే.

ఇది మరీ పాత కథ అంటారేమో, 2025 నవంబర్‌లో బీహార్ చూడండి. ప్రశాంత్ కిశోర్, అందరికీ ఎన్నికలు గెలిపించే ప్లాన్లు ఇచ్చిన మనిషి, ఊళ్ళకి ఊళ్ళు నడిచి, జన్ సురాజ్ అని పెట్టి 243లో 238 చోట్ల మనుషుల్ని నిలబెట్టాడు. వచ్చింది సున్నా.

ఇక ఇప్పటి ఏపీ. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 175లో 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 11. సీట్లు చూస్తే ప్రతిపక్షం అడ్రసు లేనట్టే ఉంటుంది, మీలాంటి కుర్రాళ్ళు ఇదిగో ఖాళీ అనుకుంటారు. ఓట్లు చూడండి, ఆ 11 సీట్ల పార్టీకి 39 శాతం ఓట్లున్నాయి. కర్చీఫ్ ఉంది బాబూ. ఈ ప్రభుత్వం మీద రేపు ఎవరికైనా కోపం వస్తే అది నేరుగా అటే వెళ్తుంది, మధ్యలో మీ దగ్గర ఆగదు. అందుకే మీ మావయ్య లెక్క కరెక్టన్నాను.

నవ్వడం ఎందుకు కరెక్టు కాదో కింద గోపాలపట్నం ఆయనకి రాసిన జవాబులో చదవండి.

ప్రశ్న (గాజువాక, స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ ఉద్యోగి): 2019లో మా గాజువాకలో పవన్ కల్యాణ్ ఓడిపోయారు. అదే ఎన్నికల్లో సీబీఐలో పెద్ద పేరున్న లక్ష్మీనారాయణ గారు మన విశాఖ ఎంపీ సీటుకి నిలబడి ఓడిపోయారు, 2024లో సొంత పార్టీ పెట్టి విశాఖ నార్త్‌లో డిపాజిట్ కూడా దక్కించుకోలేదు. జనానికే నిజాయితీ అక్కర్లేదు, మనం బుర్రలు పాడుచేసుకోవడం ఎందుకు?

జవాబు: అక్కర్లేదు అనే మాట ఒప్పుకోను సార్. మీరు చెప్పిన ఉదాహరణే తీసుకుందాం, ఇంతకంటే మంచి ఉదాహరణ దేశంలో ఇంకోటి దొరకదు, మన ఊళ్ళోనే ఉంది. 2019లో లక్ష్మీనారాయణ గారికి జనసేన గుర్తు మీద 2 లక్షల 88 వేల పైన ఓట్లు పడ్డాయి. మూడో స్థానంలో! ఆ ఎన్నికల్లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికీ ఓడిన తెలుగుదేశం అభ్యర్థికీ మధ్య తేడా ఎంత? 4 వేల 414. అంటే మొదటి రెండు స్థానాల మధ్య ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఓట్లంత తేడా ఉంటే, మూడో మనిషికి దాదాపు మూడు లక్షల మంది వేసారు. నిజాయితీ అక్కర్లేని ఊరు అలా వేస్తుందా చెప్పండి.

మరి 2024లో ఏమైంది అంటే, మనిషి అదే, పేరు అదే, కానీ వెనకాల పార్టీ లేదు, ఎన్నికలకి అయిదారు నెలల ముందు పెట్టిన సొంత పార్టీ. పైగా ఆ ఏడాది రాష్ట్రం నిట్టనిలువునా రెండు ముక్కలైపోయింది, జగన్ ఉండాలా పోవాలా అన్నదొక్కటే ఓటు. ఆ గాలిలో ఓటరు ఏమనుకుంటాడంటే, మంచాయనే, కానీ గెలవడు, నా ఓటు వేస్టు చేసుకోవడం ఎందుకు. ఇది చెడ్డ బుద్ధి కాదు సార్, లెక్క. 2025లో న్యూఢిల్లీ సీట్లో కేజ్రీవాల్ ఓడింది 4 వేల చిల్లర ఓట్లతో, అక్కడ మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్ మనిషికి వచ్చినవి 4 వేల 500 పైన, ఆ మూడో మనిషి ఎవరో కాదు షీలా దీక్షిత్ గారి అబ్బాయి. ఓట్లు ఎక్కువ వచ్చినవాడే మొత్తం పట్టుకుపోయే పద్ధతి ఉన్నంతకాలం మూడోవాడికి ఓటెయ్యాలంటే ఓటరుకి భయమే.

పవన్ కల్యాణ్ సంగతీ అదే చెప్తుంది. 2019లో ఆయన పార్టీకి రాజోలు ఒక్కటే వచ్చింది, 2024లో కూటమిలో చేరి 21 చోట్ల పోటీ చేస్తే 21కి 21. మీ గాజువాకలోనే 2019లో ఆయన ఓడితే, 2024లో అదే కూటమి తరఫున తెలుగుదేశం మనిషి 95 వేల పైన మెజారిటీతో గెలిచాడు. ఇక్కడ స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణ కోపం కూడా కలిసింది, 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పడమేంటి. పొత్తు పెట్టుకుంటే సీట్లు వస్తాయి, పాతవాళ్ళని ప్రశ్నించే నోరు ఎంత మిగులుతుంది అనేది వేరే ప్రశ్న, నా మటుకు నాకు అది చిన్న ప్రశ్న కాదు.

ప్రశ్న (కంచరపాలెం, గృహిణి): బాబూ, ఎలచ్చన్లకి ముందు రోజు రాత్రి ఇంటికొచ్చి మరీ డబ్బులిచ్చి, మాకే ఎయ్యాలని ఒట్టేయించుకుంటారు. తీసుకోపోతే ఈళ్ళు అవతలోళ్ళ మనుసులు అనుకుంటారు. తీసుకుని మనకి నచ్చినోళ్ళకి ఏసీత్తే తప్పేటి? మా అత్తగారు ఒట్టు తప్పితే పాపం అంటది.

జవాబు: అమ్మా, చట్టం ప్రకారం ఇవ్వడమూ తప్పే తీసుకోవడమూ తప్పే, ముందు ఆ మాట చెప్పాలి. ఎవరైనా పంచుతుంటే సీ-విజిల్ అని ఎన్నికల సంఘం యాప్ ఉంది, ఫోటో తీసి పెడితే 100 నిమిషాల్లో చూస్తామంటారు, మీ పేరు బయటికి రాకుండా కూడా పెట్టొచ్చు. ఇక డబ్బు తీసుకున్నా మీరెవరికి నొక్కారో ఏ కార్యకర్తకీ తెలిసే దారి లేదు, తెలుస్తుంది అని బెదిరిస్తే అబద్ధం. ఒట్టు సంగతంటారా, తప్పు పని మీద వేయించుకున్న ఒట్టుకి దేవుడు లెక్క కట్టడని మీ అత్తగారికి చెప్పండి, సింహాద్రి అప్పన్న మీద భారం వెయ్యండి.

ఇదే ప్రశ్న మీద కొత్త పార్టీ కుర్రాళ్ళకి ఒక మాట. మీరు వచ్చి ఈవిడ ముందు నిలబడి, ఓటు అమ్ముకునేవాళ్ళ వల్లే దేశం పాడైంది అని ఉపన్యాసం ఇస్తే ఆవిడ తలుపేసేస్తుంది, వెయ్యాలి కూడా. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే నెల రోజులు తిరిగేది ఆవిడ, పెన్షన్ ఆగిపోతే అత్తగారిని తీసుకుని సచివాలయం మెట్లెక్కేది ఆవిడ, ఐదేళ్ళలో ఎవరైనా ఏమైనా చేతికిచ్చింది ఆ ఒక్క రాత్రే అని ఆవిడ అనుకుంటే మీ దగ్గర జవాబేంటో ముందు ఆలోచించుకోండి.

ప్రశ్న (అనకాపల్లి): అందరికీ బుద్ధి చెప్పడానికి నోటా నొక్కితే సరిపోదా?

జవాబు: సరిపోదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా, అంటే ఎవరికీ వెయ్యను అనే మీట, వచ్చింది గానీ, అసెంబ్లీ ఎన్నికల్లో అందరికంటే నోటాకే ఎక్కువ పడినా తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే ఎమ్మెల్యే. కోపం తీరుతుంది, కుర్చీ మారదు.

ప్రశ్న (సీతమ్మధార, ప్లాటు యజమాని): అవినీతి అంటే అందరూ వంద రూపాయల లంచం గురించే మాట్లాడతారు. మన విశాఖలో అసలు అవినీతి భూమి. మా నాన్న కొన్న ప్లాటు ఉన్నట్టుండి 22ఏ లిస్టులో పెట్టేసారు, ఎందుకో చెప్పేవాడు లేడు. ఏ పార్టీ దీన్ని ముట్టుకుంటుంది?

జవాబు: ఈ వారం ఉత్తరాలన్నిటిలో అసలు పాయింటు మీదే. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అని ఒక సెక్షన్ ఉంది, ప్రభుత్వ భూములూ, అసైన్డ్ భూములూ, దేవాదాయ, వక్ఫ్ భూములూ ఎవరూ అమ్ముకోకుండా ఒక నిషేధ జాబితా పెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ సర్వే నంబర్లో ఒక ముక్క ప్రభుత్వానిదైతే మొత్తం నంబరే జాబితాలోకి వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి, అప్పుడు సొంత ప్లాటు మీద బ్యాంకు లోనూ రాదు, కూతురి పెళ్ళికి అమ్ముదామన్నా కుదరదు, బయటపడాలంటే కలెక్టరుకి అర్జీ పెట్టుకుని తిరగాలి. తిరిగే మనిషిని చూసి మధ్యవర్తి పుడతాడు. లంచం అక్కడ మొదలవుతుంది, కౌంటర్ దగ్గర కాదు.

విశాఖ భూముల మీద 2017లో తెలుగుదేశం ప్రభుత్వం ఒక సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, వేసింది, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఇంకో సిట్ వేసింది. రెండు పార్టీలు, రెండు సిట్‌లు. ఆ తర్వాత కూడా మీరు మీ ప్లాటు గురించి నాకు ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే ఇంక నేను కొత్తగా చెప్పేదేముంది.

ఏ పార్టీ ముట్టుకుంటుంది అన్నారు. పెద్ద పార్టీలు వాళ్ళకి లాభం ఉన్న రోజు ముట్టుకుంటాయి, లేని రోజు వదిలేస్తాయి. నిజంగా అవినీతి మీద పార్టీ పెట్టాలనుకునేవాళ్ళు గనక ఉంటే వాళ్ళు చెయ్యాల్సింది దేశాన్ని బాగుచేస్తామని బోర్డు పెట్టడం కాదు, ఒక మండలం తీసుకుని, మీలాంటి యాభై మంది అర్జీలు కట్టగా పెట్టి, ప్రతి ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడిగి, వచ్చిన కాగితాలు ఊళ్ళో గోడకి అంటించడం. అర్జీకి జిల్లా ఆఫీసులో 10 రూపాయలు, మండలంలో అయితే 5, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. బోరు పని, ఫోటోలు రావు, అందుకే ఎవరూ చెయ్యరు. చేసినవాడిని మాత్రం సీతమ్మధార మర్చిపోదు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, టీచర్): ఆమ్ ఆద్మీ పార్టీ మీద మాకు చాలా నమ్మకం ఉండేది. చివరికి వాళ్ళ నాయకులే అవినీతి కేసులో జైలుకెళ్ళారు, 2025లో ఓడిపోయారు. నిజాయితీ పార్టీ కూడా అధికారం రాగానే అందరిలాగే అయిపోతే కొత్త పార్టీ ఎందుకండీ?

జవాబు: మేడమ్, ముందు లెక్కలు సరిచూసుకుందాం, బాధలో నంబర్లు పెద్దవిగా కనిపిస్తాయి. 2013 డిసెంబర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసి 49 రోజులు నడిపి జన్ లోక్‌పాల్ బిల్లు మీద రాజీనామా చేసారు, 2014లో దేశమంతా నాలుగొందలకు పైగా ఎంపీ సీట్లకి నిలబడి 4 గెలిచారు, అవి కూడా అన్నీ పంజాబ్‌లోనే, అదొక దురాశ. 2015లో ఢిల్లీలో 70కి 67, 2020లో 62, 2022లో పంజాబ్‌లో 117కి 92. పదేళ్ళలో రెండు రాష్ట్రాలు ఏలిన కొత్త పార్టీ ఈ మధ్యకాలంలో ఇంకోటి లేదు. 2025లో కూడా ఓట్లు 43 శాతం పైన ఉన్నాయి, బీజేపీకి 45 పైన, రెండు శాతం తేడాకి సీట్లు 22, 48. కాబట్టి మట్టికొట్టుకుపోయారు అనేది తప్పు.

మద్యం పాలసీ కేసులో 2023 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రి సిసోడియా, 2024 మార్చిలో కేజ్రీవాల్ అరెస్టయ్యారు, సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, కేసు విచారణ తేలకముందే ఓటరు తీర్పిచ్చేసాడు. అది కక్ష అని వాళ్ళంటారు, అవినీతి అని ఎదుటివాళ్ళంటారు, కోర్టు పని కోర్టుది, నేను మధ్యలో తీర్పరిని కాను. నాకు అంతకంటే పెద్ద దెబ్బగా తోచింది ఇంకోటి ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఆ పార్టీ పెట్టినప్పుడు లోపల కూడా ఒక లోక్‌పాల్ ఉండాలని పెట్టుకున్నారు, అంటే సొంత నాయకుడి మీద ఫిర్యాదొస్తే విచారించేవాడు. నౌకాదళాధిపతిగా చేసిన అడ్మిరల్ రాందాస్ గారు ఆ పని చూసేవారు. మనది నేవీ ఊరు, అడ్మిరల్ అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. 2015లో 67 సీట్లు గెల్చిన రెండు నెలల్లోపే ఆయన్ని తప్పించారు, ప్రశ్నించిన పార్టీ పాత నాయకులు ప్రశాంత్ భూషణ్, యోగేంద్ర యాదవ్‌లని కూడా బయటికి పంపేసారు. దేశానికి లోక్‌పాల్ కావాలని పుట్టిన పార్టీ తన ఇంట్లో లోక్‌పాల్‌ని భరించలేకపోయింది. అవినీతి కేసు నిజమో కాదో తర్వాత సంగతి, ఎవరూ అడిగేవాళ్ళు లేని ఏర్పాటు ఆ రోజే అయిపోయింది.

ఇంకోటి, అందరూ తిట్టేటప్పుడు మర్చిపోతారు. లోక్‌పాల్ చట్టం 2013 డిసెంబర్‌లో పార్లమెంటు పాస్ చేసిందంటే ఆ ఉద్యమం తోసిన తోపు వల్లే, మొదటి లోక్‌పాల్‌ని వెయ్యడానికి 2019 మార్చి దాకా పట్టింది అది వేరే కథ. అభ్యర్థులు కేసులూ ఆస్తులూ అఫిడవిట్‌లో రాయాలనే రూలు 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులతో వచ్చింది, అలాంటి సంస్కరణల కోసం లోక్‌సత్తా ఏళ్ళ తరబడి అరిచింది. ఒక్క సీటు పార్టీ. ఇవాళ ఏ ఎమ్మెల్యే అభ్యర్థి ఆస్తి ఎంతో మీరు ఫోన్లో చూసుకుంటున్నారు కదా, ఆ పార్టీకి ఓటెయ్యనివాళ్ళం కూడా చూసుకుంటున్నాం.

ప్రశ్న (గోపాలపట్నం, చిన్న వ్యాపారి): గెలవడం కష్టం అంటారు, ఊరుకోకూడదు అంటారు. మరి ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి మాస్టారూ, మాటలు కోటలు దాటుతున్నాయి.

జవాబు: వార్డులో మొదలెట్టండి. నేను ఊరికే అనట్లేదు, మన ఊరి చరిత్రే చూడండి. బీజేపీ 1980 ఏప్రిల్‌లో పుట్టింది, 1981లో విశాఖ మున్సిపల్ కార్పొరేషన్ గెలిచేసి ఎన్‌ఎస్‌ఎన్ రెడ్డి గారిని మేయర్ని చేసింది. దేశంలో అప్పటికి ఆ పార్టీని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నిజమే, వెనకాల పాత జనసంఘ్ మనుషులున్నారు, పూర్తిగా కొత్త అనలేం, కానీ రాష్ట్రంలో ఎక్కడా చోటు లేనివాళ్ళకి వార్డుల్లో చోటు దొరికింది. 2021 జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ ఎన్నికల్లో కూడా చూడండి, 98 వార్డుల్లో వైఎస్సార్ కాంగ్రెస్ 58, తెలుగుదేశం 30 పోగా జనసేనకి 3, సీపీఐకి ఒకటి, సీపీఎంకి ఒకటి, బీజేపీకి ఒకటి, ఇండిపెండెంట్లు నలుగురు. ఏ పార్టీ జెండా లేకుండా నలుగురు గెలిచారంటే మనిషిని చూసి వేసారనే కదా. వార్డులో ఓటు వేస్టవుతుందనే భయం తక్కువ, ముఖ్యమంత్రి ఎవరనే గొడవ ఉండదు, కాలవ తీయించేవాడెవరు అన్నదే గొడవ.

ఇబ్బందులూ చెప్తాను. అసలు ఆ ఎన్నికలు జరగడానికే 2007 తర్వాత 14 ఏళ్ళు పట్టింది, మధ్యలో ఏళ్ళకేళ్ళు స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. గెలిచాక కూడా 58 వార్డుల పార్టీ 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంలో మేయర్ పదవి పోగొట్టుకుంది, కార్పొరేటర్లు అటునుంచి ఇటు వచ్చేసారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే వార్డులో మనిషి మనసూ మారుతుంది, ఎవరు ఎటు దూకారనేది కాదు, ఈ దూకుడు అన్ని వైపులా ఉన్నదే. మీ నలుగురు గెలిస్తే ఆ నలుగురూ దూకకుండా ఉంటారా అనేది ముందే తేల్చుకోండి.

ఇక బూత్ సంగతి, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ, కాస్త సాగదీస్తాను. 2024లో మన రాష్ట్రంలో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు, 175 సీట్లకి పంచితే ఒక్కో అసెంబ్లీకి 260 పైన. అంటే ఒక్క సీటుకి నిలబడాలంటే మీకు 260 మంది నమ్మకమైన మనుషులు కావాలి, ఒక్క రోజుకి. ఆ మనిషి పొద్దున్న అయిదున్నరకల్లా స్కూలు గదిలో ఉండాలి, అసలు పోలింగ్‌కి ముందు మాక్ పోల్ జరుగుతుంది, మెషీన్లో ఉత్తుత్తి ఓట్లు వేసి లెక్క సరిపోయిందో లేదో చూసి తుడిచేస్తారు, అది చూడాలి. తర్వాత ఓటర్ల లిస్టు ముందేసుకుని, పేరు చదివినప్పుడల్లా పెన్సిలుతో గీత పెడుతూ కూర్చోవాలి. చనిపోయినాయన పేరు మీద ఎవరైనా వస్తే ఇది ఆయన కాదు అని నోరెత్తి అనాలి, అనాలంటే ఆయన చనిపోయాడని తెలిసుండాలి, అంటే ఆ వీధిలో మనిషై ఉండాలి. పక్కన రెండు పెద్ద పార్టీల ఏజెంట్లకి ఇడ్లీ పొట్లం, మధ్యాహ్నం బిరియానీ వస్తాయి, మీవాడికి రావు. సాయంత్రం అయ్యాక ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర ఫారం 17సీ కాపీ అడిగి తీసుకోవాలి, ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఆ కాగితం మీదే ఉంటుంది, కౌంటింగ్ రోజు దాంతోనే సరిచూసుకోవాలి. చాలా కొత్త పార్టీలకి ఫేస్‌బుక్‌లో లక్ష మంది ఉంటారు, ఈ గదిలో కూర్చునేవాడు ఉండడు.

అందుకే రుషికొండ కుర్రాళ్ళతో వాళ్ళ మావయ్య నవ్వడం కరెక్టు కాదన్నాను. అసెంబ్లీకి రేపే నిలబడితే ఆయన నవ్వొచ్చు, ఒక వార్డులో పది పదిహేను బూత్‌లకి మనుషుల్ని తయారుచేసుకుంటే ఇప్పుడున్న కార్పొరేటరు నవ్వడు, మీ గురించి వాకబు చేయిస్తాడు.

ప్రశ్న (భీమిలి, డిగ్రీ విద్యార్థి): పార్టీ రిజిస్టర్ చెయ్యాలంటే ఏం కావాలి? ఎంతవుతుంది? గుర్తు మనమే అడగొచ్చా? నాకు మోటార్ సైకిల్ గుర్తు కావాలి.

జవాబు: ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, సెక్షన్ 29ఏ. పార్టీ పెట్టుకున్న 30 రోజుల్లోగా ఢిల్లీలో ఎన్నికల సంఘానికి దరఖాస్తు వెళ్ళాలి, ఫీజు 10 వేలు, కనీసం 100 మంది సభ్యులు, వాళ్ళందరూ ఓటర్లై ఉండాలి, వేరే పార్టీలో లేమని అఫిడవిట్లు ఇవ్వాలి. ఈ వందమందిని పోగెయ్యడంలోనే మీ ఫ్రెండ్స్ ఎవరో తెలిసిపోతుంది. పార్టీ నియమావళిలో రాజ్యాంగానికీ, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యానికీ కట్టుబడతాం అని రాయాలి. తర్వాత పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి. ఆ యాడ్‌ల ఖర్చు ఫీజు కంటే ఎక్కువే అవుతుంది.

రిజిస్టర్ చేసి ఇంట్లో పెట్టుకుంటే లాభం లేదు. ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చెయ్యలేదని 2025 ఆగస్టులో 334 పార్టీల్ని జాబితాలోంచి తీసేసారు. అసెంబ్లీకి నామినేషన్ వేస్తే డిపాజిట్ 10 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకి 5 వేలు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే పోయినట్టే. ఖర్చు పరిమితి కాగితం మీద 40 లక్షలు, చదివి నవ్వుకోండి.

గుర్తు అంత తేలిగ్గా రాదు. గుర్తింపు లేని పార్టీకి ఉమ్మడి గుర్తు కావాలంటే కనీసం 5 శాతం సీట్లకి పోటీ చెయ్యాలి, మన రాష్ట్రంలో అయితే 9. సంఘం ఇచ్చే ఫ్రీ సింబల్స్, అంటే ఏ పార్టీకీ ఖాయం చెయ్యని గుర్తుల జాబితాలోంచి కోరుకోవాలి, అదీ ఆ ఎన్నికకే. జనసేన లాంటి పార్టీకే 2024లో తను పోటీ చెయ్యని చోట్ల తన గుర్తు గాజు గ్లాసు ఇండిపెండెంట్లకి వెళ్ళిపోయి తలనొప్పయింది, రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చాక 2025లో గానీ ఆ గ్లాసు వాళ్ళకి ఖాయం కాలేదు. ఇదంతా అసెంబ్లీ, పార్లమెంటు సంగతి. జీవీఎంసీ వార్డుకైతే రాష్ట్ర ఎన్నికల సంఘం వేరు, వాళ్ళ గుర్తుల జాబితా వేరు, మోటార్ సైకిల్ అందులో ఉందో లేదో నోటిఫికేషన్ వచ్చిన రోజు చూసుకో బాబూ, లేకపోతే ఇంకోటి కోరుకో, గుర్తు కోసం ఆగిపోకు.